గ్యాస్ దారి మూసేస్తే రైఫిల్ మారిపోతుందా?

వరంగల్, ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వార్తలు చదివేవాళ్లకు తుపాకుల పేర్లు కొత్త కాదు. లొంగుబాటు జరిగినా, ఎదురుకాల్పులు జరిగినా మర్నాటి పేపర్లో ఒక జాబితా కనిపిస్తుంది. ఏకే-47లు ఇన్ని, ఎస్‌ఎల్‌ఆర్‌లు ఇన్ని, ఇన్సాస్‌లు, త్రీనాట్‌త్రీలు, పన్నెండు బోర్లు, భర్మార్‌లు. దశాబ్దాలుగా చదివీ చదివీ ఈ పేర్లు జనం నోట నానిపోయాయి. వాటి మధ్య తేడా ఏమిటని అడిగితే మాత్రం "అది మిలిటరీది, ఇది నాటుది" అనే దగ్గరే మాట ఆగిపోతుంది. త్రీనాట్‌త్రీ కూడా ఒకప్పుడు మిలిటరీదే కదా. కాబట్టి ఆ విభజన నిలవదు.

పనితీరును బట్టి చూస్తే విభజన వేరే చోట ఉంది. ఒక తూటా పేలాక రెండోదాన్ని ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటికి, తెచ్చేది ఎవరు? త్రీనాట్‌త్రీలో కాల్చేవాడి చెయ్యి. ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్, ఏకేల్లో పేలిన మందు నుంచి పుట్టిన గ్యాస్. ఆ గ్యాస్ బ్యారెల్ నుంచి పక్కకు తప్పుకునే దారి కొన్ని మిల్లీమీటర్లకు మించని ఒక రంధ్రం. దానికి గ్యాస్ పోర్ట్ అని పేరు. ఆ దారి లేకుండా చేస్తే రైఫిల్ తనంతట తాను లోడ్ చేసుకోవడం మానేస్తుంది, ప్రతి తూటాకూ చెయ్యి పెట్టాల్సిందే. కొన్ని దేశాల్లో ఇలాంటి చేతి రైఫిళ్లకు లైసెన్సు దొరుకుతుంది. అక్కడి వీడియోలు ఇక్కడి ఫోన్లలోకీ వస్తున్నాయి. వాటితోపాటే ఒక అపోహ కూడా వస్తోంది: రంధ్రం మూసేస్తే మిలిటరీ రైఫిల్ మామూలు వేట తుపాకీ అయిపోతుందని. యంత్రం లెక్కలో అది సగం నిజం. మన చట్టం లెక్కలో నిజమే కాదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ రంధ్రం చేసే పని చూడాలి.

ట్రిగ్గర్ నొక్కగానే తూటా అడుగున ఉన్న క్యాప్ పేలి లోపలి మందు అంటుకుంటుంది. 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ తూటాలో ఆ క్షణాన పుట్టే ఒత్తిడి దాదాపు 4,000 బార్. కారు టైరులో ఉండేది రెండు బార్‌లకు కాస్త ఎక్కువ. ఆ ఒత్తిడికి బుల్లెట్ బ్యారెల్ పొడవునా దూసుకెళ్లి బయటపడటానికి పట్టే సమయం సెకనులో సుమారు వెయ్యోవంతు. ఇంత తక్కువ సమయంలో, బుల్లెట్ గ్యాస్ పోర్ట్‌ను దాటాక ఇంకా బ్యారెల్‌లోనే ఉన్నప్పుడు, వెనకనుంచి తోసుకొస్తున్న గ్యాస్‌లో కొంత భాగం ఆ రంధ్రంలోంచి పక్కకు మళ్లుతుంది. బోరు నీళ్లు ట్యాంకుకు పోతుంటే మధ్యలో చిన్న నల్లా పెట్టి తొట్టికి కొన్ని నీళ్లు మళ్లించుకున్నట్టు. ట్యాంకుకు పోయే ధార పెద్దగా తగ్గదు, తొట్టి పనీ అవుతుంది.

మళ్లిన గ్యాస్ ఒక పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. పిస్టన్ బోల్ట్‌ను (ఛాంబర్‌ను వెనకనుంచి మూసే ముక్కను) మోసే భాగాన్ని తోస్తుంది. దాంతో అప్పటిదాకా బిగిసి ఉన్న తాళం విడిపోతుంది, ఖాళీ ఇత్తడి కేసు బయటికి ఎగురుతుంది, స్ప్రింగ్ నొక్కుకుంటుంది. అదే స్ప్రింగ్ మళ్లీ ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను తోసుకుపోయి ఛాంబర్‌లో కూర్చోబెడుతుంది. ఏకేలో పిస్టన్, బోల్ట్ మోసే భాగం ఒకటిగా కలిసి చివరిదాకా కదులుతాయి. ఎస్‌ఎల్‌ఆర్‌లో పిస్టన్ ఒక పొట్టి దెబ్బ కొట్టి ఆగిపోతుంది, మిగతా ప్రయాణం ఆ ఊపుతోనే సాగుతుంది. అమెరికా ఏఆర్-15 రకంలో గ్యాస్ ఒక సన్నని గొట్టంలోంచి నేరుగా బోల్ట్ దగ్గరికే వెళ్తుంది. ఏర్పాట్లు ఎన్ని ఉన్నా మొదలు మాత్రం ఆ రంధ్రం దగ్గరే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. బుల్లెట్ ఎంత వేగంతో పోతుంది, ఎంత దూరం పోతుంది, తగిలితే ఏమవుతుంది అనేవాటితో ఈ రంధ్రానికి దాదాపు సంబంధం లేదు. గ్యాస్ దారి మూసినా ఆ ఒక్క తూటా శక్తి అంతే. మారేది తూటాకూ తూటాకూ మధ్య పట్టే సమయం. కాబట్టి "గ్యాస్ మూసేస్తే తుపాకీ బలహీనపడుతుంది" అనే మాటకు ఆధారం లేదు. అది నెమ్మదిస్తుంది, అంతే.

గ్యాస్ మూసే ఏర్పాటు మిలిటరీ రైఫిళ్లకు పరాయిది కూడా కాదు. 1962 యుద్ధకాలంలో మన సైనికుడి చేతిలో ప్రధానంగా ఉన్నది త్రీనాట్‌త్రీ. ఆ దశాబ్దంలోనే బెల్జియం నమూనా ఆధారంగా ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన ఎస్‌ఎల్‌ఆర్ సైన్యంలోకి వచ్చింది. దాని ముందుభాగంలో గ్యాస్ ప్లగ్ ఉంటుంది. రైఫిల్ కొసన గ్రెనేడ్ పెట్టి పేల్చాల్సి వస్తే ఆ ప్లగ్‌ను తిప్పి గ్యాస్ దారి మూసేస్తారు. గ్రెనేడ్‌ను తోయడానికి గ్యాస్ మొత్తం కావాలి, దాంట్లో కొంత పిస్టన్‌కు పోతే నష్టం. పైగా ఆ ప్రత్యేక తూటా ఊపుకు లోపలి భాగాలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. 1990ల చివర్లో వచ్చిన ఇన్సాస్‌లోనూ గ్యాస్‌ను అదుపు చేసే ఏర్పాటు ఉంది. హన్మకొండ కాలేజీల్లో ఎన్‌సీసీ చేసినవాళ్లకూ, మామునూరు బెటాలియన్‌లో శిక్షణ పొందినవాళ్లకూ "ఖోల్‌నా, జోడ్‌నా, సఫాయి" అనే హిందీ మాటలతోపాటు గ్యాస్ ప్లగ్, పిస్టన్ రాడ్ అనే పేర్లు కూడా గుర్తుండే ఉంటాయి.

అంటే గ్యాస్ మూసిన ఎస్‌ఎల్‌ఆర్ ప్రతి తూటాకూ చేత్తో లాగాల్సిన రైఫిల్ అవుతుంది. అలాగని దాన్ని ఎవరూ త్రీనాట్‌త్రీలాంటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ అనలేదు. ప్లగ్ మళ్లీ తిప్పితే క్షణంలో పాత రైఫిల్ ప్రత్యక్షం. ఈ చిన్న ఉదాహరణ పట్టుకుంటే చట్టాల తర్కం చాలావరకు అర్థమవుతుంది.

గ్యాస్ మీద నడవడానికి పుట్టిన రైఫిల్ చేతిమీద నడవడానికి అంత అనువైనది కూడా కాదు. పేలినప్పుడు ఇత్తడి కేసు వ్యాకోచించి ఛాంబర్ గోడలకు అతుక్కుంటుంది. త్రీనాట్‌త్రీలాంటి పాత బోల్ట్ రైఫిల్‌లో పిడిని ముందు పైకి తిప్పుతాం, తర్వాత వెనక్కి లాగుతాం. ఆ తిప్పడంలోనే ఏటవాలు అంచు ఒకటి కేసును కాస్త సడలిస్తుంది. చేతి బలం తక్కువైనా పని జరగడానికి కారణం అదే. తిప్పే పని లేకుండా నేరుగా వెనక్కి లాగే రైఫిల్‌లో ఈ సౌకర్యం తగ్గుతుంది, బిగిసిన కేసును చెయ్యే పీకాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైన్యం వాడిన రాస్ రైఫిల్ ఇలా నేరుగా లాగేదే. కందకాల బురదలో అది బిగుసుకుపోయి సైనికులు బోల్ట్‌ను కాలితో తన్ని తెరవాల్సి వచ్చిందని యుద్ధ చరిత్రలు చెబుతాయి. చాలామంది దాన్ని పారేసి బ్రిటిష్ సైనికుల త్రీనాట్‌త్రీలు తీసుకున్నారు. అలాగని నేరుగా లాగే పద్ధతే పనికిరానిది కాదు. స్విట్జర్లాండ్ సైన్యం దశాబ్దాలపాటు అలాంటి రైఫిళ్లే వాడింది. జర్మనీ బ్లేజర్ కంపెనీ 1993లో తెచ్చిన వేట రైఫిల్ కూడా ఆ రకమే. అవన్నీ మొదటినుంచీ చేతికోసం రూపొందించినవి. తర్వాత ఎవరో దారి మూసి మార్చినవి కావు. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

భద్రత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వేల బార్‌ల ఒత్తిడి పుట్టే గొట్టంలో అనుభవం లేని చెయ్యి వేస్తే చెడేది చట్టం ఒక్కటే కాదు. ముఖానికి జానెడు దూరంలో పేలే వస్తువు అది. నాటు తుపాకీ బ్యారెల్ పగిలి వేళ్లూ కళ్లూ పోగొట్టుకోవడం అడవి అంచు పల్లెలకు తెలియని సంగతి కాదు. వాటిలో వాడే నల్ల తుపాకీమందు ఒత్తిడి ఆధునిక రైఫిల్ తూటా ఒత్తిడి ముందు చాలా తక్కువ.

మరి ఈ చేతి రైఫిళ్ల గొడవ ఎక్కడ మొదలైంది? బ్రిటన్‌లో. 1987 ఆగస్టులో హంగర్‌ఫర్డ్ అనే చిన్న పట్నంలో ఒకడు సెమీ ఆటోమేటిక్ (నొక్కినప్పుడల్లా ఒక తూటా కాల్చి, తర్వాతిది తనంతట తానే ఎక్కించుకునే) రైఫిల్, పిస్టల్ పట్టుకుని 16 మందిని చంపాడు. అవన్నీ లైసెన్సు ఉన్న ఆయుధాలే. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం సవరించి, .22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటా రకం మినహా తనంతట తాను లోడ్ చేసుకునే రైఫిళ్లన్నిటినీ సామాన్యుల చేతిలోంచి తీసేసింది. అప్పటికే సర్వీస్ రైఫిల్ పోటీల్లో గురి చూసి కాల్చే క్రీడాకారులు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకోసం తయారీదారులు ఒక దారి వెతికారు. చూడటానికి ఏఆర్-15లాగే ఉంటుంది, గ్యాస్ ఏర్పాటు మాత్రం ఉండదు, పక్కన పిడి పట్టి లాగితేనే తర్వాతి తూటా వస్తుంది. చట్టం వేసిన ప్రశ్న "ఎంత వేగంగా కాలుస్తుంది" అన్నదైతే, ఈ రైఫిల్ దానికి నెమ్మదిగానే అని జవాబు చెబుతుంది.

అయితే 1988 నాటి ఆ చట్టం ఒక తలుపు ముందే వేసి పెట్టింది. ఒక ఆయుధం ఎప్పుడైనా నిషిద్ధ రకంలో ఉండి ఉంటే, తర్వాత దాన్ని ఇంకో రకంగా మార్చడానికి ఏం చేసినా అది నిషిద్ధంగానే లెక్క అని 7వ సెక్షన్ చెప్పింది. కాబట్టి పాత సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తీసుకుని గ్యాస్ రంధ్రం మూసేసి "ఇప్పుడిది చేతి రైఫిల్" అంటే అక్కడ కూడా కుదరదు. చట్టబద్ధంగా అమ్ముడయ్యేది మొదటినుంచీ చేతి రైఫిల్‌గా పుట్టినదే. వీడియోల్లో ఈ తేడా కనపడదు. రెండూ పక్కపక్కన పెడితే కొనేవాడికీ తేలిగ్గా తెలియదు. చట్టానికి మాత్రం రైఫిల్ ఇప్పుడు ఏం చేస్తోంది అన్నదానికంటే ఎలా పుట్టింది అన్నదే ముఖ్యం.

తయారీదారులు అక్కడితో ఆగలేదు, ఇంకో రకం రైఫిల్ తెచ్చారు. గ్యాస్ బోల్ట్‌ను వెనక్కి తోసి ఖాళీ కేసును బయట పడేస్తుంది, కానీ బోల్ట్ అక్కడే ఆగిపోతుంది. వేలితో ఒక మీట నొక్కితే ముందుకొచ్చి కొత్త తూటా ఎక్కుతుంది. సగం గ్యాస్, సగం చెయ్యి అన్నమాట. సాంకేతికంగా అది సెమీ ఆటోమేటిక్ కాదు, అయినా వేగం దానికి దగ్గరగా ఉంటుంది. 2019లో వచ్చిన మరో చట్టంలో పార్లమెంటు దీనికీ జవాబు చెప్పింది. మందు గ్యాస్ శక్తితో గానీ, ఆ గ్యాస్ వల్ల స్ప్రింగ్‌లో చేరిన శక్తితో గానీ ఖాళీ కేసును బయటికి తీసే రైఫిళ్లు, .22 రిమ్‌ఫైర్ తప్ప, నిషిద్ధమని రాసింది. ముప్పై ఏళ్ల దోబూచులాట తర్వాత చట్టం చివరికి గ్యాస్‌నే పేరుపెట్టి పట్టుకుంది. ఇలాంటి వ్యవహారంలో చట్టం ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది అనేవాళ్లకు ఇది మంచి ఉదాహరణ. కాకపోతే వెనకున్నా వదలదు.

అమెరికా చట్టం దీన్ని ఇంకో వైపు నుంచి చూసింది. అక్కడి 1934 జాతీయ చట్టంలో మెషిన్ గన్ నిర్వచనం ఇప్పుడు ఆటోమేటిక్‌గా కాల్చేదానితో ఆగదు. అలా కాల్చడానికి రూపొందించినదీ, సులువుగా మళ్లీ ఆ స్థితికి తేగలిగినదీ కూడా మెషిన్ గన్నే. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్ ఊచకోత తర్వాత, న్యూజిలాండ్‌లో 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడి తర్వాత వచ్చిన చట్టాలూ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లనే గురిపెట్టాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం అప్పట్లో ఆరు లక్షలకు పైగా తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది.

మళ్లీ పాత స్థితికి తేవడం గురించి చట్టాలు ఇంతగా ఎందుకు భయపడతాయి? చరిత్రలో జవాబు ఉంది. చేతి రైఫిళ్లను గ్యాస్ తుపాకులుగా మార్చిన దాఖలాలు ఉన్నాయి. ఇందాక చెప్పుకున్న ఆ రాస్ రైఫిల్‌నే మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కెనడాలో గ్యాస్ పిస్టన్ తగిలించి హ్యూఓ అనే ఆటోమేటిక్‌గా మలిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో తేలికపాటి మెషిన్ గన్‌లు దొరక్క న్యూజిలాండ్‌లో పాత లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ రైఫిళ్లను చార్ల్‌టన్ అనే ఆటోమేటిక్ తుపాకులుగా మార్చారు. దిశ ఒకవైపే ఉండదన్నమాట. గ్యాస్ కోసం పుట్టని రైఫిల్‌నే అంత దూరం తీసుకెళ్లగలిగినప్పుడు, గ్యాస్ కోసమే పుట్టి, దారి మాత్రం మూసుకున్న రైఫిల్‌ను ఏ చట్టమూ నమ్మదు.

ఇక మన దేశానికి వద్దాం. 1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో నిషిద్ధ ఆయుధానికి నిర్వచనం ఉంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపూ, లేదా మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా తూటాలు వస్తూనే ఉండేలా రూపొందించిన లేదా మలచిన తుపాకీ నిషిద్ధం. వీటితోపాటు కేంద్రం గెజిట్‌లో ప్రకటించేవి కూడా. ఈ నిర్వచనంలో ఒక తమాషా ఉంది. మొదటి ముక్క మాత్రమే చదివితే ఎస్‌ఎల్‌ఆర్ దీంట్లోకి రాదు, ఎందుకంటే మన సైన్యం మామూలుగా వాడిన రకం నొక్కినప్పుడల్లా ఒక్క తూటాయే కాలుస్తుంది. మూడేసి తూటాల తర్వాత ఆగిపోయే తొలినాటి ఇన్సాస్ మీద కూడా వకీళ్లు కాసేపు వాదించుకోవచ్చు. ఆ సందు లేకుండా చేసేవి నిబంధనలు.

2016 ఆయుధ నిబంధనల మొదటి షెడ్యూల్‌లో తుపాకులను కేటగిరీలుగా విడదీశారు. కొన్ని మినహాయింపులు పోగా సెమీ ఆటోమేటిక్ తుపాకులు మొదటి కేటగిరీలోకి వస్తాయి. దీనికి లైసెన్సు ఇచ్చేది కేంద్ర హోం శాఖ. జిల్లా కలెక్టర్ చేతిలోనో, పోలీస్ కమిషనర్ చేతిలోనో ఉండేది మూడో కేటగిరీ లాంటి మామూలు తుపాకుల లైసెన్సు. ఇంతవరకు బ్రిటన్ తర్కానికి దగ్గరగానే ఉంది. మొదటి కేటగిరీలోనే ఇంకో వాక్యం ఉంది, మన కథ మారేది అక్కడ. .303 లేదా 7.62 మిల్లీమీటర్ల బోర్ (బ్యారెల్ లోపలి వ్యాసం) ఉన్న రైఫిళ్లు, ఆ సర్వీస్ తూటాలు, అంటే సైన్యం వాడే తూటాలు, పట్టి పేల్చగలిగే మరే బోర్ రైఫిళ్లైనా అందులోకే వస్తాయి. అవి సెమీ ఆటోమేటిక్ అయినా సరే, బోల్ట్ యాక్షన్ అయినా సరే.

బోల్ట్ యాక్షన్ అయినా సరే అన్న ముక్కతో గ్యాస్ రంధ్రం చర్చ మొత్తం పక్కకు పోతుంది. ఎస్‌ఎల్‌ఆర్ గ్యాస్ దారిని శాశ్వతంగా మూసేసి, పిస్టన్ తీసి పారేసి, అచ్చమైన చేతి రైఫిల్‌గా మార్చారనే అనుకుందాం. అయినా అది 7.62 బోర్. మొదటి కేటగిరీ వదలదు. ఊళ్లలో పాతకాలపు సాదా తుపాకీగా చూసే త్రీనాట్‌త్రీ కూడా ఆ కేటగిరీలోనే ఉంది, దానికి గ్యాస్ రంధ్రమే లేదు.

ఈ వాక్యం వెనక వలస పాలన నాటి భయం ఉంది. 1857 తర్వాత బ్రిటిష్ ప్రభుత్వానికి జనం చేతిలో తుపాకీ ఎంత వేగంగా కాలుస్తుందన్నది పెద్ద చింత కాదు. సైనిక డిపోల నుంచి జారిపోయే తూటా జనం తుపాకీలో పట్టకూడదన్నదే చింత. అందుకే మన దేశంలో పౌరులకు సైనిక తూటాలు పట్టని బోర్‌లు వచ్చాయి. ఈనాటికీ ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు పౌరులకు అమ్మే .315 స్పోర్టింగ్ రైఫిల్ ఆ కోవలోదే. యంత్రంలో అది త్రీనాట్‌త్రీకి తమ్ముడు, దాని తూటా మాత్రం వేరు. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాళ్ల .30-06 స్పోర్టింగ్ రైఫిల్ బుల్లెట్ లావు చూస్తే 7.62కి సమానమే. తూటా పొడవు వేరు కావడంతో సర్వీస్ తూటాకు అది కుదరదు. ఇంత పట్టింపు బయటివాళ్లకు చాదస్తంగా అనిపించవచ్చు. దండకారణ్యం అంచున నలభై ఏళ్లుగా జరిగింది చూస్తే అంత చాదస్తంగా అనిపించదు. పోలీసు స్టేషన్ల మీద దాడుల్లో పోయినవి రైఫిళ్లు మాత్రమే కాదు, పెట్టెలకొద్దీ తూటాలు కూడా.

కాబట్టి ఒకే రైఫిల్‌ను రెండు చట్టాలు రెండు ప్రశ్నలు అడుగుతున్నాయి. బ్రిటన్ అడిగేది "నువ్వెంత వేగంగా కాలుస్తావు?" అని. మన చట్టం దానికి ముందు "నీలో ఎవరి తూటా పడుతుంది?" అని కూడా అడుగుతుంది. గ్యాస్ రంధ్రం మూయడం మొదటి ప్రశ్నకు జవాబు అవుతుందేమో గానీ రెండోదాని దరిదాపులకు పోదు. బయటి దేశం వీడియో చూసి ఇక్కడ తీర్మానాలు చేసుకునేవాళ్లు తప్పేది ఇక్కడే.

సర్వీస్ తూటా పట్టని సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అయితే? బోర్ ప్రశ్న అడ్డురాదు, వేగం ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. గ్యాస్ మూస్తే మూడో కేటగిరీలోకి దిగుతుంది కదా అనుకోవచ్చు. 2019 డిసెంబరులో పార్లమెంటు చేసిన సవరణ సరిగ్గా ఈ సందును మూసింది. 6వ సెక్షన్ అంతకుముందు బ్యారెల్ పొట్టి చేయడం, బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చడం గురించే మాట్లాడేది. సవరణతో నిబంధనల్లోని ఒక కేటగిరీ తుపాకీని ఇంకో కేటగిరీలోకి మార్చడం కూడా అందులో చేరింది. పై కేటగిరీ నుంచి కిందికి తెచ్చారా, కింద నుంచి పైకి తీసుకెళ్లారా అన్నది చట్టం చూడదు. దాని కోసమే ఇచ్చిన లైసెన్సు లేకుండా మార్చడమే నేరం. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. నిషిద్ధ ఆయుధం దగ్గర పెట్టుకున్నందుకు అయితే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. పౌరుడి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది కూడా ఈ సవరణే. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది ఆ సంగతే. 6వ సెక్షన్ మార్పును పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లైసెన్సుదారులకు ఎక్కువ చిక్కు తెచ్చిపెట్టగలిగేది మాత్రం ఇదేననిపిస్తుంది, ఎందుకంటే తుపాకీ సంఖ్య దాచలేం గానీ "కొంచెం మార్పు చేయించాం" అనేది చాలామందికి తప్పని తెలియదు.

ఇంకో వాదన వినిపిస్తుంటుంది. పనిచేయని తుపాకీ తుపాకీయే కాదు కదా, గ్యాస్ మూసింది సగం పనిచేయనిదే కదా అని. ఇది రెండు వైపులా తేలిపోతుంది. గ్యాస్ మూసిన రైఫిల్ చక్కగా కాలుస్తుంది, ఫోరెన్సిక్ ల్యాబ్‌లో బాలిస్టిక్స్ నిపుణుడు ఒక్క తూటా కాల్చి చూస్తే చాలు. ఇక పూర్తిగా విప్పి ముక్కలు చేసినా, చట్టం నిర్వచనంలో తుపాకీ అంటే దాని విడిభాగాలు కూడా. బ్యారెల్ ఒక్కటే అటక మీద ఉన్నా అదీ లెక్కలోకి వస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఇదంతా పుస్తకాల చర్చగానే మిగలడం లేదు. అడవి అంచు మండలాల్లో మక్క చేలను అడవిపందులు దున్నేస్తున్నాయి, తుపాకీ లైసెన్సు అడిగే రైతులు ఉన్నారు. పాత గడీల వారసుల దగ్గర తాతల నాటి రైఫిళ్లు ఉన్నాయి, వాటి బోర్ ఏమిటో ఇప్పటి తరానికి తెలియదు. నక్సల్ రోజుల్లో స్టేషన్‌లో అప్పగించిన తుపాకుల కాగితాలు కొన్ని ఇళ్లలో ఇంకా బీరువాల్లో ఉన్నాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో జమ చేయమని ఆదేశాలు వస్తాయి. అప్పుడు రికార్డుకూ తుపాకీకీ తేడా కనపడితే జవాబు చెప్పాల్సింది లైసెన్సుదారుడే, పని చేసిన మెకానిక్ కాదు.

అలాంటివాళ్లు చూసుకోవాల్సింది గ్యాస్ రంధ్రం ఉందా లేదా అని కాదు. బ్యారెల్ మీద, బాడీ మీద చెక్కిన బోర్, నంబరు లైసెన్సు పుస్తకంలో ఉన్నవాటితో కలుస్తున్నాయా అని. .303 అని గానీ 7.62 అని గానీ కనిపిస్తే, అది బోల్ట్ రైఫిలే అయినా జిల్లా స్థాయి లైసెన్సు దానికి చాలదు. వారసత్వంగా వచ్చి, పేరుమీద లైసెన్సు లేని తుపాకీని ఇంట్లో ఉంచుకుని ఆలోచించడం కంటే, 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో జమ చేసి రసీదు తీసుకోవాలి. అలా జమ చేసిన తుపాకీ మీద వారసులకు హక్కు వెంటనే పోదు, గడువులోగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మరమ్మతు చేయించేది లైసెన్సు ఉన్న దుకాణంలోనే అయి ఉండాలి. స్ప్రింగ్ మార్చడం, తుప్పు తీయడం మరమ్మతు కిందకు వస్తాయి. బ్యారెల్ పొడవు, బోర్, లోడ్ అయ్యే తీరు వీటిలో ఏది మారినా అది మరమ్మతు కాదు. ఆ పని చేసిపెడతామని దుకాణదారుడే ముందుకొచ్చినా, దానికి అనుమతి ఏ కాగితం మీద ఉందో చూపించమని అడగాలి.